ట్యాంకు నిండేలోపు

గేజీలో ముల్లు తొమ్మిది దగ్గర ఉంది, నలభైకి రావాలి. అంటే గంట. బయట వాన పడుతోంది కాబట్టి గంట మీద ఇంకో రెండు మూడు నిమిషాలు, ఎందుకంటే గాలిలోని తడినంతా పిండేస్తే గానీ ఆ యంత్రం ట్యాంకులోకి గాలిని వదలదు. గంటసేపు నింపడం, నలభై సెకన్లు ఊదడం, మళ్ళీ గంటసేపు నింపడం. ఇరవై ఏళ్లుగా ఆమె బతుకు ఈ లెక్కలోనే నడుస్తోంది, ఆ గంటల్లో ఎన్ని పుస్తకాలు చదివిందో, ఎన్ని స్వెట్టర్లు అల్లి సగంలో వదిలేసిందో ఆమెకే తెలియదు, కానీ ఇవాళ చేతిలో పుస్తకం లేదు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు ఉంది, బ్యాగులో ఒక ఉత్తరం ఉంది, కోటు జేబులో నాలుగు మడతల కాగితం ఉంది, ఆ కాగితం మీద ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత. గోడ అవతల కంప్రెసర్ దడదడలాడుతోంది, టేబులు మీది కప్పులో టీ సన్నగా వణుకుతోంది, ఎవరో ఊదుతున్నట్టు. నాలుగింటికి కమిటీ. ఇప్పుడు రెండూ ఐదు. ఐదేళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న అమ్మాయికి ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది నాలుగింటికి తేలిపోతుంది, తేల్చేది కమిటీ అని అందరూ అనుకుంటారు గానీ, తేల్చేది ఈ బ్యాగులోని ఉత్తరం అని ల్యాబులో ఇప్పటికి ఆమెకొక్కదానికే తెలుసు.

ఒక్కదానికేనా? ఆ మూల స్టూలు మీద కూర్చున్న బాబాయ్ గేజీ అద్దాన్ని తుడుస్తున్నాడు. ఇందాక తుడిచిందే. ల్యాబులో అందరికీ ఆయన బాబాయే, డైరెక్టరుకి కూడా, ముప్ఫై ఏళ్లుగా ఈ వాల్వులు తిప్పుతున్నాడు, చెయ్యి పెట్టి చూసి పైపులో ఎంత గాలి పోతోందో చెప్పగలడు. తుడిచిన అద్దాన్ని మళ్ళీ ఎందుకు తుడుస్తున్నాడు? పొద్దున ఈ పరీక్ష సంగతి చెప్పినప్పుడు "అమ్మాయి రాదా అమ్మా?" అని అడిగాడు. "దానికి వేరే పని ఉంది" అంది ఆమె. "సరేనమ్మా" అన్నాడు, ఆ సరేలో ఏదో కాస్త ఆలస్యం. ఆయన సరే అనడానికి ఎప్పుడూ అంత సమయం తీసుకోడు.

అనుమానం ఆమెకి పాలతో పాటు వచ్చింది. చక్కెర డబ్బా మూత పెట్టేముందు అమ్మ చక్కెరని చదును చేసి, పైన చూపుడువేలితో ఒక గీత గీసేది. ఎవరైనా చెంచా పెడితే గీత చెదిరిపోతుంది, సాయంత్రం విచారణ మొదలవుతుంది, అక్క మీదో నాన్న మీదో నేరం పడుతుంది. ఎనిమిదేళ్ల వయసులో ఆమె ఆ గీతని నేర్చుకుంది, పొట్ట నిండా చక్కెర తిని, మళ్ళీ చదును చేసి, ఊపిరి బిగబట్టి, చూపుడువేలితో గీసేది. నాలుగు రోజులు నడిచింది. ఐదోరోజు అమ్మ మూత తీసి, ఒక్క నిమిషం చూసి, తిన్నగా ఆమె దగ్గరికే వచ్చి చెవి పట్టుకుంది. "నా గీత వంకరగా ఉంటుందే. ఇంత తిన్నగా ఎప్పుడైనా గీశానా నేను?" ఆ రోజు చెవి మండినంతసేపూ ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపోయింది. తప్పు చేసినవాళ్ళు దొరికేది తప్పుల వల్ల కాదు, మరీ ఒప్పుగా చేయడం వల్ల. ఆ తర్వాత ఆమె చదివిన చదువంతా ఒక ఎత్తు, ఆ చెవి మంట ఒక ఎత్తు.

అందుకే మూడు వారాల క్రితం ఆ అమ్మాయి రిపోర్టులోని బొమ్మ చూడగానే చెవి మళ్ళీ వేడెక్కింది. అంచున పళ్ళు పళ్ళుగా కోసిన కొత్త నాజిల్, టీ గ్లాసంత ఉంటుంది, దాని నుంచి వచ్చే గాలి మోతని మోడల్ ఎంత అని లెక్కగట్టింది, గదిలో మైకులు ఎంత విన్నాయి, రెండూ ఒకదాని మీద ఒకటి. పన్నెండు మైకుల్లో ఎక్కడా అర డెసిబెల్ తేడా లేదు. పదిహేనేళ్లుగా ఈ మోడల్‌ని వాడుతున్నారు, ఎవరు వాడినా రెండు డెసిబెళ్ళు తేడా వస్తుంది, జెట్టుకి పక్కగా పెట్టిన మైకుల్లో మరీను. ఆ రెండింటినీ అందరూ క్షమించేశారు, గది తప్పనో మైకు తప్పనో అని. ఇంట్లో గోడ మీద పాత మరకలాగా దానికి కళ్ళు అలవాటు పడిపోయాయి. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి మరక తుడిచేసింది. ఎలా? కంప్యూటర్లో ఫైలు తెరిచి చూసింది ఆమె. మోడల్లో ఒక అంకె మారి ఉంది. సున్నా పాయింట్ రెండు ఏడు ఉండాల్సిన చోట సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది.

రెండు ఏడు ఆమెది. ల్యాబులో దాన్ని స్థిరాంకం అని ఎవరూ అనరు, 'మేడమ్ నంబరు' అంటారు. నాజిల్ దాటిన గాలి ఊరికే పోదు, నిలబడ్డ గాలితో ఒరుసుకుంటుంది, ఒరిసిన చోటల్లా సుడులు లేస్తాయి, పెద్దవి చిన్నవాటిని కంటాయి, చిన్నవి ఇంకా చిన్నవాటిని, పుట్టి, దొర్లి, చచ్చిపోతాయి, ఆ పుట్టడంలోనూ చావడంలోనూ ప్రతి సుడీ ఓ చిన్న అరుపు అరుస్తుంది. అన్ని అరుపులూ కలిస్తే విమానం మోత. ఒక్కో సుడినీ వెంబడించాలంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ చాలవు, కాబట్టి సగటున సుడి ఎంత ఉంటుంది, ఎంతసేపు బతుకుతుంది అని అంచనా వేసి కూడుకోవాలి. ఎంతసేపు బతుకుతుంది అన్న అంచనాలో ఉండే అంకె అది. దాన్ని లెక్కలు చెప్పవు, కొలతలు చెప్పాలి. ఆమె థీసిస్ కోసం కొలిచింది, తేల్చింది, పదిహేనేళ్లలో పదకొండు మంది ఆ అంకెతో డాక్టరేట్లు తెచ్చుకున్నారు. వాళ్ళలో ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. వేయాల్సి వస్తే ఎర్ర పుస్తకం ఉంది. ఏ అంకె మార్చినా అందులో రాయాలి, పాత విలువ, కొత్త విలువ, మార్చినవారు, కారణం, నాలుగు గళ్ళు, కింద సంతకం. ఆ నియమం పెట్టింది ఆమే. పుస్తకం మొదటి పేజీ మొదటి వరుస కూడా ఆమెదే, రెండు ఏడుది, కారణం గడిలో 'కొలతలతో సరిపోయింది' అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఒకటి తొమ్మిదికి మాత్రం ఏ పేజీలోనూ వరుస లేదు, మూడుసార్లు తిరగేసింది.

ఉత్తరంలో ఆ సంగతే రాసింది. ఆరు రోజులు తిరగరాసి, వేడంతా తీసేసి, చల్లారాక మిగిలిన వాక్యం ఒక్కటే అసలైనది, అది ఆమెకి నోటికి వచ్చేసింది: కొలత నమ్మదగ్గదో కాదో చూసుకోకుండా, గడువు తరుముతోందని, కావలసిన జవాబు వచ్చేదాకా స్థిరాంకాన్ని సర్దుకుని, ఆ సంగతిని దాచింది. మంచి వాక్యం. ఎక్కడా కోపం కనిపించదు. నిన్న రాత్రి ఇంట్లో ఆయనకి చదివి వినిపిస్తే, "ఆ పిల్లని ఒక్కసారి పిలిచి అడగొచ్చుగా?" అన్నారు. అడిగితే చెబుతుందా, చెప్పేదైతే రాసేది. "ఉప్పు వేసింది నువ్వే అయినా నీకు నమ్మకం ఉండదు, రెండుసార్లు రుచి చూస్తావు" అని నవ్వారు ఆయన. నవ్వులాటగా ఉంది ఈయనకి. రుచి చూడబట్టే కదా ఇరవై ఏళ్లుగా కూర చెడలేదు.

"ఎంతవరకు వచ్చింది బాబాయ్?"

"ఇరవై రెండమ్మా."

రుచి చూడ్డానికే ఈ పరీక్ష. ఇంతవరకు ఎవరూ ఊదని వేగం ఎంచుకుంది ఆమె, చాలా తక్కువ, రిపోర్టులో లేనిది, పాత రికార్డింగుల డబ్బాల్లోనూ లేనిది. తెలిసిన కొలతలకి అతికేలా అంకెని ఎవరైనా సర్దుకోవచ్చు, ఇంకా పుట్టని కొలతకి ఎలా సర్దుతారు? పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి, ఒకటి తొమ్మిదితో ఒకసారి, రెండు ఏడుతో ఒకసారి మోడల్ నడిపి, రెండు గీతలూ ఒకే కాగితం మీద అచ్చు వేసుకుని జేబులో పెట్టుకుంది. ఎర్రది ఆ అమ్మాయిది. నీలం తనది. కాసేపట్లో జెట్టే చెబుతుంది ఎవరిదో. జెట్టుకి బంధువులు లేరు.

ఐదేళ్ల క్రితం ఇంటర్వ్యూలో ఆమే అడిగింది, జెట్ ఎందుకు అరుస్తుంది అని. వచ్చిన వాళ్ళందరూ బోర్డు మీద సమీకరణాలు కుమ్మరించారు. ఈ అమ్మాయి సుద్దముక్క చేతిలో పట్టుకుని, "పూర్తిగా తెలియదు మేడమ్. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు" అంది. అప్పుడు ఆ మాట ఎంత నచ్చిందో. పక్కనున్న డైరెక్టరు మోకాలిని తన మోకాలితో తట్టి, ఈ పిల్లని నాకివ్వండి అని సైగ చేసింది. ఇప్పుడు అదే మాట తిరగేసి చూస్తే ఇంకోలా ఉంది. ఎవరిని అంది ఆ చాలామంది అని? వంటకి ఉల్లిపాయలు ఎలా తరగాలో నేర్పినట్టు మైకు ఎలా పట్టుకోవాలో నేర్పింది దానికి, జ్వరం వస్తే టాక్సీలో హాస్పిటలుకి తీసుకెళ్ళింది, తన కూతురు కూడా అన్నిసార్లు ఫోన్ చేయదు. రెండు నెలల నుంచి మాత్రం అంతా మారిపోయింది. తను గదిలోకి అడుగుపెట్టగానే లాప్‌టాప్ మూత టక్కున పడుతుంది. సామాన్ల గదిలోంచి పాత డబ్బాలు పట్టుకెళ్ళింది, రిజిస్టర్లో సంతకం ఉంది, పదిహేనేళ్ల కిందటి డబ్బాలు దానికెందుకు? ఒకరోజు వరండా చివర బాబాయ్‌తో తల దగ్గరికి పెట్టి ఏదో మాట్లాడుతోంది, తను కనబడగానే ఇద్దరూ వాన గురించి మొదలుపెట్టారు. ఆ రోజు వాన లేదు.

లేచింది. కూర్చుంటే ముల్లు కదలనట్టుంది. బరువైన తలుపు లాగి మైకుల గదిలోకి వెళ్ళింది, గోడల నిండా, కప్పు నిండా శబ్దాన్ని మింగే బూడిదరంగు స్పాంజి మొనలు, అడుగున తీగల వల, దాని మీద నడుస్తుంటే కాళ్ళ కింద గాలే తప్ప నేల ఉండదు. తలుపు మూసుకోగానే కంప్రెసర్ మోత కత్తిరించినట్టు ఆగిపోయింది. ఇక్కడ ఏ శబ్దమూ తిరిగి రాదు. మొదటిసారి వచ్చినవాళ్ళు రెండు నిమిషాల్లో బయటికి పరిగెడతారు, తమ గుండె తమకే వినబడటం ఎవరికీ నచ్చదు. ఆమెకి ఎప్పుడూ భయం వేయలేదు, ఇవాళ మాత్రం చెవుల్లో రక్తం గుసగుసలాడుతోంది, ఎవరి మీదో చాడీలు చెబుతున్నట్టు. వరుసగా పన్నెండు మైకులు, ఒక్కోదాని మెడకీ చిన్న కాగితం, ఏ రోజు సరిచూశారో తేదీ. అన్నిటి మీదా ఆ అమ్మాయి చేతిరాత. పోయిన బుధవారం, అంతకు ముందు బుధవారం, ప్రతి బుధవారం. ఇంత శ్రద్ధ ఎందుకు? తప్పు చేసినవాళ్ళకే ఇంత శ్రద్ధ ఉంటుంది. లేకపోతే, అని ఇంకో మాట ఏదో వచ్చింది గానీ, ఆమె దాన్ని పూర్తి చేయలేదు, ఏడో మైకు కొద్దిగా వంగినట్టుంటే సరిచేసి బయటికి వచ్చేసింది.

ముప్ఫై ఆరు. కంట్రోల్ గదిలో, ఆమె కుర్చీకి పక్క కుర్చీలో, తడిసిన జుట్టుతో, గొడుగు నుంచి నేల మీదికి నీళ్ళు కారుతుండగా, ఆ అమ్మాయి కూర్చుని ఉంది.

ఆమె బాబాయ్ వైపు చూసింది. ఆయన గేజీ వైపు చూస్తున్నాడు.

"నువ్వు చెప్పావా బాబాయ్?"

"చెప్పానమ్మా," అన్నాడు తల తిప్పకుండానే. "దాచడం నా వల్ల కాదు. మీ ఇద్దరి మధ్యా రెండు నెలలుగా నలిగిపోతున్నాను."

రెండు నెలలు. చూశావా, అనుకుంది, అంతా కలిసే చేశారు. కోపం వచ్చింది, ఎందుకో కోపం కంటే ముందు కళ్ళు చెమర్చాయి, ముఖం కిటికీ అద్దం వైపు తిప్పుకుంది. ఆ అమ్మాయి ఏ వేగం, ఏ మైకులు, ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా అనుమానించదగ్గదే. ఎవరి ఊపిరి వాళ్ళు పీలుస్తూ ముగ్గురూ ముల్లుని చూశారు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది మీద అది ఎప్పటిలాగే కాస్త మొండికేసింది.

"నలభై," అన్నాడు బాబాయ్, కంప్రెసర్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో గొడుగు నీళ్ళు టపటపమన్నాయి. "వదలమంటారా?"

"వదులు."

ముందు సన్నగా, నిద్రలో ఎవరో ఊపిరి వదిలినట్టు. తక్కువ వేగం కదా, గర్జించదు, అద్దం అదరదు. హెడ్‌ఫోన్లలో ఒక మెత్తటి బుసబుస, నునుపుగా, దానిలో ఈల గానీ గరగర గానీ ఏమీ లేదు. నలభై సెకన్లు లెక్కపెట్టుకుంది ఆమె. ఇరవై దగ్గర అనుకుంది, ఎంత శుభ్రంగా ఉంది, ఇంత శుభ్రంగా ఇదివరకు ఉండేది కాదే అని. ఆ మాట మనసులో ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి వెళ్ళబోయి ఆగిపోయింది. ఊదడం అయిపోయింది. తెర మీద నల్ల చుక్కలు ఒక్కొక్కటే పడసాగాయి. ఆమె జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, తెర పక్కన పట్టుకుంది.

చుక్కలన్నీ ఎర్ర గీత మీద ఉన్నాయి. కాస్త అటూ, కాస్త ఇటూ, వంకరగా, నిజమైన కొలత ఎలా ఉంటుందో అలా. నీలం గీత వాటి పైన గాలిలో వేలాడుతోంది, ఒక చివర రెండు డెసిబెళ్ళు, కీచుమనే స్వరాల వైపు వెళ్ళేకొద్దీ మూడు, నాలుగు.

"మైకులు," అంది ఆమె. "ఏడోది వంగి ఉంది. తడిగాలి. ఇంకోసారి నింపాలి, బాబాయ్, ఇది లెక్కలోకి రాదు."

"నింపుతానమ్మా, దానికేం," అన్నాడు బాబాయ్. స్టూలు మీంచి లేచి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం చూశాడు. "ఈ నీలంది మీ థీసిస్ కొలతలదేనా?"

"అవును."

"అంటే ఆ వానల ఏడాది." గొంతు తగ్గించాడు. "అప్పుడు మోతని ఆపే మఫ్లర్ పెట్టెలోని దూది తడిసి కుళ్ళిపోయింది కదమ్మా, అంతా లాగి పారేశాం. కొత్తది రావడానికి మూడు నెలలన్నారు. వాల్వు మోతంతా పైపులోంచి తిన్నగా వచ్చేస్తుంది, ఆగుదాం అన్నాను నేను. మీరే, గడువుంది బాబాయ్, పర్లేదు నడిపించు అన్నారు."

వాసన ముందు వచ్చింది. తడిసిన పరుపు వాసన, ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకుని ఇద్దరూ ఆ నల్లటి దూదిని సంచుల్లోకి కుక్కడం, చేతులకి రెండు రోజుల దాకా పోని దురద. ఆ తర్వాత తన గొంతు, ముప్ఫై ఏడేళ్ల గొంతు, కరుకుగా, పర్లేదు. వేగం ఎక్కువైతే జెట్ మోత అన్నిటినీ ముంచేస్తుంది, వాల్వు గొణుగుడు ఎవరికీ వినబడదు. తక్కువ వేగంలోనే అది పైకి తేలుతుంది. అది ఆమెకి ఆ రోజు తెలియదా? తెలుసు. తర్వాత సరిచేద్దామనుకుంది. అంకెని రెండు నాలుగు పెట్టి చూసింది, సరిపోలేదు, రెండు ఐదు పెట్టింది, రెండు ఏడు దగ్గర గీత వచ్చి కొలతల మీద తిన్నగా కూర్చుంది, ఎంత తిన్నగా అంటే ఆనందంతో గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది, ఆ గదిలో చప్పట్లు కూడా తిరిగి రాలేదు. సుడి ఎంతసేపు బతుకుతుందన్న అంకె అనుకుని, దూది లేని ఖాళీ పెట్టెలో వాల్వు ఎంత గొణిగిందో ఆ అంకెని పదకొండు మంది చేతుల్లో పెట్టింది. మరిచిపోయానని ఇప్పుడు అనవచ్చు. మరిచిపోవడం వేరు, అటువైపు వెళ్ళకుండా ఉండటం వేరు, ఆ తేడా ఆమెకి తెలుసు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది, ఆ అమ్మాయి వైపు చూడకుండా.

"రెండు నెలలైంది మేడమ్. పాత డబ్బాల్లో మీ రికార్డింగులు విన్నాను. జెట్ మొదలవకముందే సన్నగా ఈల ఉంది. ఎందుకో అర్థం కాక బాబాయ్‌ని అడిగాను."

"పుస్తకంలో ఎందుకు రాయలేదు? నియమం తెలుసుగా నీకు."

ఆ అమ్మాయి గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకుంది. "నాలుగుసార్లు పెన్ను తీశాను మేడమ్. మూడు గళ్ళు మనసులోనే నింపుకుంటాను. నాలుగో గడి దగ్గర ఆగిపోతాను. కారణం అని ఉంటుంది కదా, అక్కడ ఏం రాయను? అక్కడ మీ తప్పు రాయడం కంటే ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించింది. మీరు అడుగుతారేమో, అడిగితే చెబుదామని చూశాను. మీరు అడగలేదు."

అడగలేదు. కాగితం మడిచి జేబులో దాచింది, సొరుగు ఎవరైనా తెరిస్తే తెలియాలని క్లిప్పు ఏ మూల పెట్టిందో గుర్తుపెట్టుకుంది, ఎవరూ రాకముందు వచ్చి ఎవరికీ తెలియకుండా గీతలు గీసింది, ఆరు రోజులు వాక్యాలు చెక్కింది, అడగడం ఒక్కటి చేయలేదు. గోడ గడియారంలో మూడున్నర కావస్తోంది. సిగ్గు వచ్చింది ఆమెకి, చెవి పట్టుకున్నప్పుడు కూడా రానంత సిగ్గు, ఒంటి మీద ఎక్కడ దాచుకోవాలో తెలియనంత.

బ్యాగు తెరిచి ఉత్తరం తీసింది. ఆ అమ్మాయి చూసింది, మొదటి వరుసలోనే తన పేరు చూసింది, చూసి చూపు దించుకుంది, పెదవులు మాత్రం తెల్లబడ్డాయి. ఆమె పెన్ను మూత తీసి, కాగితాన్ని ఒళ్ళో బ్యాగు మీదే పెట్టుకుని, ఆ పేరు మీద ఒక గీత కొట్టింది, వంకరగా వచ్చింది, వచ్చిందిలే అనుకుంది. దాని పైన తన పేరు రాసింది. తప్పు జరిగిన తేదీ దగ్గర పదిహేనేళ్లు వెనక్కి వెళ్ళింది. తర్వాత చదువుకుంటూ కిందికి వచ్చింది: కొలత నమ్మదగ్గదో కాదో చూసుకోకుండా, గడువు తరుముతోందని, కావలసిన జవాబు వచ్చేదాకా స్థిరాంకాన్ని సర్దుకుని, ఆ సంగతిని దాచింది. ఎక్కడైనా ఒక మాట తీయాలేమోనని రెండోసారి కూడా చదివింది. తీయాల్సినదేమీ కనబడలేదు. "ఎర్ర పుస్తకం పట్రా," అంది ఆ అమ్మాయితో, "నాలుగో గడి నేను నింపుతాను," అని ఉత్తరం మడిచి, డైరెక్టరు గదికి వెళ్ళడానికి లేచింది.